భాగించడం అందరికీ వచ్చు, ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పరు

పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ల మధ్య ఒక చిట్కా చాలాకాలంగా తిరుగుతోంది. ఇచ్చిన సంఖ్యను ఆరుతో భాగించండి. శేషం 1 గానీ 5 గానీ వస్తే అది ప్రధాన సంఖ్య, ఇంకేదైనా వస్తే కాదు. అంతే, అయిదు సెకన్ల పని. ఈమధ్య ఒక పాఠం వీడియోలో మళ్లీ అదే మాట వినబడ్డాక దీని గురించి వివరంగా రాయాలనిపించింది. బోర్డు మీద 97 వేశారు, ఆరుతో భాగించారు, శేషం 1 వచ్చింది, పక్కన టిక్కు పెట్టారు. జవాబు సరైనదే. పద్ధతే తప్పు.

97 బదులు 91 వేసి ఉంటే? ఆరు పదిహేనులు తొంభై, శేషం 1. ఆ చిట్కా లెక్కన 91 కూడా ప్రధాన సంఖ్యే అవ్వాలి. కానీ పదమూడో ఎక్కం వచ్చిన పిల్లలెవరైనా చెప్తారు, పదమూడు ఏడ్లు తొంభై ఒకటని.

చిట్కాలో నిజం బొత్తిగా లేకపోలేదు. 2, 3 తప్పిస్తే ప్రతి ప్రధాన సంఖ్యా ఆరో ఎక్కంలోని ఏదో ఒక సంఖ్యకు ఒకటి ముందో, ఒకటి వెనకో ఉంటుంది. ఆరుతో భాగించినప్పుడు శేషం 0, 2, 4 వచ్చేవి సరిసంఖ్యలు. 3 వచ్చేవి మూడుకు గుణిజాలు. ఇక మిగిలేవి 1, 5. అంటే ఈ చిట్కా చేసే పనల్లా 2కూ 3కూ గుణిజాలైనవాటిని ఏరి పక్కన పెట్టడం. 5, 7, 11 సంగతి అది అడగనే అడగదు. ప్రధాన సంఖ్యలన్నీ ఈ రెండు గదుల్లోనే ఉంటాయి అన్నది నిజం. ఈ రెండు గదుల్లో ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలే అన్నది దాని విపర్యయం, అది అబద్ధం. పనసకాయకు ముళ్లుంటాయి కదా అని ముళ్లున్నదల్లా పనసకాయ అయిపోదు.

పోనీ ఎప్పుడో ఒకసారి తప్పుతుందిలే అనుకుందామా? లెక్క వేసి చూద్దాం. 100 లోపు ఆ రెండు గదుల్లో 5 నుంచి 97 దాకా 32 సంఖ్యలున్నాయి. వాటిలో 23 ప్రధాన సంఖ్యలు. మిగతా తొమ్మిది 25, 35, 49, 55, 65, 77, 85, 91, 95. అయిదుతో అంతమయ్యేవాటిని చూడగానే పక్కన పెడతాం కాబట్టి నిజంగా మోసం చేసేవి మూడే: 49, 77, 91. అందుకే చిన్న సంఖ్యల దగ్గర చిట్కా బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు 900 నుంచి 1000 మధ్యకు రండి. అక్కడ ఆ గదుల్లో 33 సంఖ్యలుంటే ప్రధాన సంఖ్యలు 14 మాత్రమే. అంటే సగానికి పైగా తప్పు. సంఖ్య పెరిగేకొద్దీ ఇంకా తప్పుతుంది. చిట్కా అవసరమయ్యేది పెద్ద సంఖ్యల దగ్గర, అది చేతులెత్తేసేదీ అక్కడే.

ఈ పాఠంలో పిల్లలకు కొరవడేది భాగహారం కాదు, చిట్కాలూ కాదు. భాగించుకుంటూ వెళ్లి ఎక్కడ ఆపాలో, అక్కడే ఎందుకు ఆపాలో తెలియడం. ఆ ఒక్కటీ చేతికొస్తే కారణాంకాలు, గుణిజాలు, ప్రధాన సంఖ్యలు మూడు వేర్వేరు పాఠాలుగా ఉండవు.

జంట దొరికితే ఆగొచ్చు

కాదనడానికీ అవుననడానికీ ఒకే శ్రమ సరిపోదు. 91 ప్రధాన సంఖ్య కాదు అనాలంటే 7×13 అని చూపిస్తే చాలు, వాదన ముగిసింది. 97 ప్రధాన సంఖ్య అనాలంటే మాత్రం దాన్ని ఏదీ భాగించదని తేల్చాలి. ఏదీ అంటే ఎంతవరకు? తరగతి గదిలో సాధారణంగా వినిపించే జవాబు సగం దాకా అని. తప్పేమీ కాదు, 97ను 48 కన్నా పెద్ద సంఖ్య ఏదీ (97 తప్ప) భాగించలేదు. కానీ 2 నుంచి 48 దాకా 47 భాగహారాలు ఎవరు చేస్తారు? పిల్లవాడు నాలుగు చేసి, విసుగొచ్చి, ప్రధాన సంఖ్య అని రాసేస్తాడు. జవాబు సరైనదే కాబట్టి మార్కు పడుతుంది. రేపు అదే అలవాటుతో 221 దగ్గర బోల్తా పడతాడు, అది 13×17.

అసలు సంగతి ఏమిటంటే కారణాంకం ఒంటరిగా రాదు. 2 ఒక సంఖ్యను భాగిస్తే ఆ భాగఫలం కూడా దాన్ని భాగిస్తుంది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్నది పెరిగేకొద్దీ పెద్దది తగ్గుతూ వస్తుంది, ఎక్కడో ఒకచోట రెండూ ఎదురుపడతాయి. అది దాటాక దొరికే ప్రతి జంటా అప్పటికే తిరగేసి చూసిన జంటే. పుస్తకాలు దీన్నే వర్గమూలం దాకా చూస్తే చాలు అని ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాయి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది, న్యాయమైనదే. ఆరో తరగతి పిల్లలకు వర్గమూలం రాదు కదా? అవసరం లేదు. భాగఫలం వైపు ఒక కన్నేసి ఉంచితే చాలు. 97ను 2తో భాగిస్తే భాగఫలం 48, శేషం 1. 3తో భాగఫలం 32, శేషం 1. 5తో 19, శేషం 2. 7తో 13, శేషం 6. 11తో 8, శేషం 9. ఇక్కడ భాగఫలం భాజకం కన్నా చిన్నదైపోయింది. 11 గానీ, అంతకన్నా పెద్దది గానీ 97ను భాగిస్తే దాని జంట 8 లేదా అంతకన్నా చిన్నది అవ్వాలి. అలాంటివన్నీ అయిపోయాయి. ఇక ఆపాలి. వర్గమూలం గుర్తు ఎక్కడా రాలేదు, పిల్లల చేతిలో ఉన్న భాగహారమే ఆగమని చెప్పింది.

మధ్యలో 4, 6, 8, 9, 10లను ఎందుకు వదిలేశామన్నదీ పిల్లలతోనే చెప్పించాలి. 2 భాగించనిదాన్ని 4 ఎలా భాగిస్తుంది? ప్రధాన సంఖ్యలతో మాత్రమే చూడడానికి కారణం ఇదే. 997 లాంటి మూడంకెల సంఖ్యకు కూడా 31 దాకా చూస్తే చాలు, ఎందుకంటే 31×31 = 961, తర్వాతి ప్రధాన సంఖ్య 37ను 37తో గుణిస్తే 1369, అది దాటిపోయింది. 31 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు పదకొండు. సగం దాకా అన్నవాళ్లు 497 భాగహారాలు చెయ్యాల్సిన చోట మనం పదకొండుతో ముగిస్తాం.

కారణాంకాల జాబితా రాయడానికీ ఇదే జంట. 360కి కారణాంకాలు రాయమంటే నోటుపుస్తకాల్లో తరచూ కనిపించేది 1, 2, 3, 4, 5, 6, 8, 9, 10, 12 అని వరసగా మొదలై, తర్వాత దారి తప్పడం. 72 పోతుంది, 45 పోతుంది, 24 పోతుంది. రెండు నిలువు వరసలు గీయించండి. ఎడమ పక్క 1, కుడి పక్క 360. కింద 2, 180. తర్వాత 3, 120. అలా 4, 90. 5, 72. 6, 60. 7 లేదు. 8, 45. 9, 40. 10, 36. 12, 30. 15, 24. 18, 20. ఆ తర్వాత 19తో భాగిస్తే భాగఫలం 18, తిరిగొచ్చేశాం. ఎడమ వరస పైనుంచి కిందికి, కుడి వరస కిందనుంచి పైకి చదివితే 24 కారణాంకాలు, ఆరోహణ క్రమంలోనే.

ఏదైనా పోయిందేమో అన్న అనుమానం ఉంటే సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. 360 = 2×2×2×3×3×5. ఏ కారణాంకంలోనైనా 2 సున్నా సార్లు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు రావచ్చు, నాలుగు రకాలు. 3కు మూడు రకాలు, 5కు రెండు రకాలు. 4×3×2 = 24. మన జాబితాలో 23 ఉన్నాయంటే ఒకటి పారేసుకున్నట్టే. అసలు బేసి సంఖ్యలో కారణాంకాలు రావాలంటే ఎక్కడో ఒక జంటలో ఇద్దరూ ఒకరే అవ్వాలి, అంటే 36లో 6×6 లాగా. వర్గ సంఖ్య కానిదానికి కారణాంకాల లెక్క బేసిగా వచ్చిందంటే వెనక్కి వెళ్లి చూసుకోవాల్సిందే. ఇంత చక్కటి తనిఖీని ఏ చిట్కా ఇవ్వదు.

ఏ సూత్రం దాచుకోవాలి, ఏది వదిలెయ్యాలి

భాజనీయతా సూత్రాలకు నేను వ్యతిరేకిని కాను. కొన్ని నిజంగా విలువైనవి. చివరి అంకె చూసి 2, 5, 10 చెప్పడం, చివరి రెండంకెలు చూసి 4 చెప్పడం, అంకెలు కూడి 3, 9 చెప్పడం, ఒకటి విడిచి ఒకటి కూడి, తీసేసి 11 చెప్పడం. వీటితో పాటు కారణం కూడా చెప్పాలి, అప్పుడు మర్చిపోరు. 437 అంటే నాలుగు వందలు, మూడు పదులు, ఏడు. వంద అంటే 99+1, పది అంటే 9+1. 99లూ 9లూ తొమ్మిదికి గుణిజాలే కాబట్టి పక్కకు పోతాయి, మిగిలేది 4+3+7. అంకెల మొత్తం వెనకున్నది ఇంతే. 11కు మాత్రం పది అంటే 11−1, వంద అంటే 99+1, అందుకే గుర్తులు మారుతూ వస్తాయి.

7 దగ్గరికొచ్చేసరికి వ్యవహారం చెడుతుంది. చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదాంట్లోంచి తీసెయ్యాలి అంటారు. సరైనదే. తర్వాత 13కు చివరి అంకెను నాలుగింతలు చేసి కలపాలి. 17కు అయిదింతలు చేసి తియ్యాలి. 19కి రెట్టింపు చేసి కలపాలి. అన్నీ సరైనవే. కానీ పరీక్ష హాల్లో ఏది కలపాలో ఏది తియ్యాలో తారుమారయితే లెక్క ఎక్కడా ఆగదు, హెచ్చరిక ఏదీ రాదు, ప్రశాంతంగా తప్పు జవాబు వస్తుంది. బట్టీ పట్టిన సూత్రంతో ఉన్న ప్రమాదం అదే. నన్నడిగితే 7కూ, 11 దాటినవాటికీ ఉన్న సూత్రాలన్నీ వదిలెయ్యాలి.

వాటి బదులు ఒకే పద్ధతి చాలు. ఏ సంఖ్యతో పరీక్షిస్తున్నామో దాని గుణిజాన్ని కలిపో తీసో చివర సున్నా తెప్పించి, ఆ సున్నాను కొట్టెయ్యడం. 437నే తీసుకుందాం. చివర 7, అంకెల మొత్తం 14, కాబట్టి 2, 3, 5 పోయాయి. 11కు 4−3+7 = 8, పోయింది. 7తో చూడాలి: 437లోంచి 7 తీస్తే 430, సున్నా కొట్టేస్తే 43, ఏడో ఎక్కంలో లేదు. 13తో: 437కు 13 కలిపితే 450, అంటే 45, పదమూడో ఎక్కంలో లేదు. 17తో: 17 తీస్తే 420, అంటే 42, లేదు. 19తో: పంతొమ్మిది మూళ్లు 57, అది తీస్తే 380, అంటే 38. రెండు పంతొమ్మిదులు! 437ను 19 భాగిస్తుంది, భాగఫలం 23. కాగితం మీద ఒక్క పొడుగు భాగహారం కూడా రాలేదు.

సున్నా కొట్టెయ్యొచ్చని ఎవరు చెప్పారు? 10కీ 19కీ 1 తప్ప సామాన్య కారణాంకం లేదు కాబట్టి 19 అనేది 380ని భాగించిందంటే 38ని భాగించి తీరాలి. 2కూ 5కూ ఈ పద్ధతి పనికిరాదు, వాటికి చివరి అంకె ఎలాగూ ఉంది.

సూత్రాలను కలిపి వాడేచోట ఇంకో గుంట ఉంది. 2తోనూ 3తోనూ భాగింపబడితే 6తో భాగింపబడుతుంది అని నేర్పుతాం. పిల్లలు దాన్ని సాగదీసి, 4తోనూ 6తోనూ భాగింపబడితే 24తో భాగింపబడుతుంది అంటారు. 12ను చూపించండి. 4 భాగిస్తుంది, 6 భాగిస్తుంది, 24 అసలు దానికన్నా పెద్దది. 36, 60 కూడా అంతే. 4లోనూ 6లోనూ ఉన్నది ఒకే 2, దాన్ని రెండుసార్లు లెక్కపెట్టేశారు. 2, 3 పరస్పర ప్రధాన సంఖ్యలు, అంటే 1 తప్ప సామాన్య కారణాంకం లేనివి, కాబట్టే అక్కడ గుణకారం చెల్లింది. మిగతాచోట్ల గుణకారం కాదు, క.సా.గు. కావాలి.

సమయం చాలదు అన్న వాదన కూడా పట్టించుకోవాల్సిందే. పోటీ పరీక్షలో ప్రశ్నకు ఒక నిమిషం దొరకడం కష్టం, ఇంత చూస్తూ కూర్చుంటే ఎలా అని అడుగుతారు. కానీ 400 లోపు సంఖ్యకు 19 దాకా చూస్తే చాలు. 2, 3, 5, 11 చూపుతోనే తేలిపోతాయి. మిగిలేవి 7, 13, 17, 19, నాలుగంటే నాలుగు. సాధన ఉన్నవాళ్లకు అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం మిగిలించుకోవడానికి మూడింట ఒకటి తప్పే చిట్కాను నమ్మమని చెప్పలేను. 200 లోపు ఆరు చిట్కాకు లొంగే సంఖ్యలు 66 ఉంటే, వాటిలో 22 ప్రధాన సంఖ్యలు కావు.

ఆరు నిలువు వరసల జల్లెడ

గుణిజాలను కొట్టేస్తూ ప్రధాన సంఖ్యలను మిగిల్చే ఎరాటోస్తనీస్ జల్లెడ పిల్లలందరూ గీస్తారు, పది వరసల చదరంలో. దాన్నే ఆరేసి సంఖ్యల అడ్డు వరసలుగా గీయించి చూడండి. 1 నుంచి 6, కింద 7 నుంచి 12, అలా. 2 గుణిజాలు కొట్టేస్తే రెండో నిలువు వరస (2 తప్ప), నాలుగోది, ఆరోది మొత్తంగా పోతాయి. 3కు మూడో వరస (3 తప్ప) పోతుంది. మిగిలేవి ఒకటో వరస, అయిదో వరస. చిట్కా పుట్టిన చోటు ఇదే, కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు 5 గుణిజాలు కొట్టండి. 5, 10, 15, 20: అడ్డు వరస మారినప్పుడల్లా ఒక గడి ఎడమకు జరుగుతూ ఏటవాలుగా దిగుతాయి. 7 గుణిజాలు కుడికి ఏటవాలుగా దిగుతాయి. ఆ రెండు గీతలూ ఒకటో వరసనూ అయిదో వరసనూ కోసుకుంటూ పోతాయి, కోసినచోటల్లా 25, 35, 49, 55, 65, 77, 85, 91, 95. చిట్కా ఎందుకు తప్పో వంద మాటల్లో చెప్పే బదులు ఈ చదరం గీయిస్తే చాలు, పదేళ్ల పిల్లలు కూడా పట్టుకుంటారు.

జల్లెడలోనూ ఆపే చోటు ఉంది. 7 గుణిజాలను కొట్టేటప్పుడు 14 దగ్గర మొదలుపెట్టక్కర్లేదు, 49 దగ్గర మొదలుపెట్టొచ్చు. అంతకుముందున్న 14, 21, 28, 35, 42 అన్నీ 2, 3, 5 చేతిలో ఇదివరకే పోయాయి. 11కు మొదటి కొత్త గుణిజం 121. అది 100 దాటింది కాబట్టి వంద దాకా జల్లెడకు 2, 3, 5, 7 నాలుగే చాలు. ఇది కూడా ఆ జంట సంగతే, ఇంకో వేషంలో.

విడగొట్టకుండానే గ.సా.భా.

గ.సా.భా. కోసం రెండు సంఖ్యలనూ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, ఉమ్మడివి ఏరడం ముందు నేర్పుతాం. 24, 36కు బాగుంటుంది. 1927, 1763 ఇచ్చి చూడండి. రెండూ 2, 3, 5, 7, 11, 13 వేటికీ లొంగవు. విడగొట్టడమే పెద్ద పని. భాగహార పద్ధతిలో అయితే 1927లోంచి 1763 పోతే 164. 1763ను 164తో భాగిస్తే 10 సార్లు పోయి శేషం 123. 164ను 123తో భాగిస్తే శేషం 41. 123ను 41తో భాగిస్తే శేషం 0. గ.సా.భా. 41. నాలుగు మెట్లు. రెండు సంఖ్యల్లో ఒక్కదాని కారణాంకాలూ ముందు తెలియకుండానే వాటి ఉమ్మడి కారణాంకం బయటపడింది. పైగా దాంతో భాగిస్తే 1927 = 41×47, 1763 = 41×43 అని విడిపోయాయి కూడా. క.సా.గు. కావాలంటే 47×1763 = 82861.

యూక్లిడ్ కాలం నుంచీ ఉన్న ఈ పద్ధతిని మనం చివర్లో, రెండో పద్ధతి అన్న పేరుతో హడావిడిగా దాటించేస్తాం. సంఖ్యను విడగొట్టడం కష్టం, ఉమ్మడి భాగం కనుక్కోవడం సులభం. ఈ తేడా పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

క.సా.గు.కు గంటలు కలిసి మోగడం, దీపాలు కలిసి వెలగడం లాంటి లెక్కలే ఎప్పుడూ ఇస్తారు. ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరులో ఇంతకన్నా మంచిది ఉంది. నక్షత్రాలు 27, రాశులు 12. ఒకే ఆకాశ వలయాన్ని రెండు రకాలుగా సమభాగాలు చేశారు. రెండిటి హద్దులూ అతకాలంటే వలయాన్ని 27, 12 రెండూ నిశ్శేషంగా భాగించే సంఖ్యలో ముక్కలు చెయ్యాలి. అలాంటి వాటిలో చిన్నది 108. అందుకే నక్షత్రానికి 4 పాదాలు, రాశికి 9 పాదాలు. అశ్విని నాలుగు, భరణి నాలుగు, కృత్తిక ఒకటో పాదం కలిపి మేషం. కృత్తిక మిగతా మూడు పాదాలూ వృషభంలోకి పోతాయి.

గ.సా.భా. కూడా అక్కడే ఉంది. 27, 12ల గ.సా.భా. 3. అంటే వలయం మొత్తంలో నక్షత్రం హద్దూ రాశి హద్దూ ఒకేచోట పడేది సరిగ్గా మూడుసార్లు: ఆశ్లేషతో కర్కాటకం ముగిసేచోట, జ్యేష్ఠతో వృశ్చికం ముగిసేచోట, రేవతితో మీనం ముగిసేచోట. జ్యోతిషం తెలిసినవాళ్లు గండాంతం అనేది ఈ మూడు సంధులనే. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా లెక్క మాత్రం అచ్చమైన క.సా.గు., గ.సా.భా. లెక్కే, తెలుగు ఇళ్లలో నోటికి వచ్చిన లెక్క.

పెద్ద సంఖ్యల దగ్గరా అదే విపర్యయం

గుణించడం సులభం, విడగొట్టడం కష్టం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు తన గణితగ్రంథంలో కంఠహారాల్లాంటి గుణకారాలు కొన్ని ఇచ్చాడు. వాటిలో ఒకటి 152207×73, జవాబు 11111111. ఆ గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. గుణించి చూడడానికి రెండు వరసలు రాస్తే చాలు. తిరగేసి, 11111111 ఇచ్చి కారణాంకాలు చెప్పమనండి. 11 వెంటనే దొరుకుతుంది, 101 కాస్త చూస్తే దొరుకుతుంది, 1111×10001 అని రాసుకున్నాక ఆ 10001 దగ్గర ఆగిపోతారు. అది 73×137. 7 నుంచి మొదలుపెట్టి 73 దాకా ఓపిగ్గా వెళ్లాల్సిందే.

వందల అంకెల సంఖ్యలకు ఆ ఓపిక కంప్యూటరుకూ చాలదు. అందుకని కారణాంకాలు వెతక్కుండానే ప్రధాన సంఖ్యో కాదో తేల్చే పరీక్షలు వచ్చాయి. ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త చెప్పినదాని ప్రకారం, బేసి ప్రధాన సంఖ్య ఏదైనా తీసుకుని, 2ను దానికన్నా ఒకటి తక్కువ సార్లు గుణించి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. 91తో చూద్దాం. 2ను 12 సార్లు గుణిస్తే 4096, అది 45×91 + 1, శేషం 1. 90 సార్లు అంటే ఏడు పన్నెండ్లు 84, ఇంకో 6. కాబట్టి చివరి శేషం 2×2×2×2×2×2 = 64. 1 రాలేదు. 91 ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది, 7 గానీ 13 గానీ కంటపడకుండానే! కారణాంకం చూపించకుండా కాదని రుజువు చెయ్యడం ఎంత అందమైన సంగతో ఆలోచించండి.

2 బదులు 3 తీసుకుంటే? 3ను ఆరుసార్లు గుణిస్తే 729, అది 8×91 + 1. 90లో పదిహేను ఆరులున్నాయి. శేషం 1. 3 దగ్గర 91 దర్జాగా ప్రధాన సంఖ్యలా నడిచిపోయింది. అలాగే 341 = 11×31 అనేది 2నే మోసం చేస్తుంది, ఎందుకంటే 1024 = 3×341 + 1. రామానుజన్ పేరుతో అందరికీ తెలిసిన 1729 అయితే, దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో పరీక్షించినా శేషం 1 చూపిస్తుంది. అది 7×13×19.

ఆరు చిట్కాలో జరిగిన తప్పే ఇక్కడా పొంచి ఉంది. ప్రధాన సంఖ్య అయితే శేషం 1 వస్తుంది అన్నది నిజం, శేషం 1 వస్తే ప్రధాన సంఖ్య అన్నది నిజం కాదు. తేడా ఏమిటంటే ఇక్కడివాళ్లు ఆ విపర్యయాన్ని నమ్మలేదు. 1 రాకపోతే కాదు అని తేల్చారు, వస్తే ఇంకా చూడాలి అన్నారు. పరీక్షను బిగించారు, ఎన్నో సంఖ్యలతో మళ్లీ మళ్లీ పరీక్షించారు. చివరికి 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ముగ్గురూ అనుమానానికి తావులేకుండా, అంకెలు పెరిగినా అదుపు తప్పని సమయంలో తేల్చే పద్ధతి ఇచ్చారు. ఆ పని మన దేశంలోనే జరిగింది. అదే దేశంలో పిల్లలకు ఆరుతో భాగించి శేషం చూడమంటున్నాం అంటే బాధగా ఉంటుంది.

2021, 2027

ఈ రెండు సంఖ్యల మధ్య తేడా సరిగ్గా 6. రెండిటినీ ఆరుతో భాగిస్తే శేషం 5. ఆరు చిట్కాకు ఇవి కవలపిల్లలు.

2021 అంకెల మొత్తం 5, చివర 1, కాబట్టి 2, 3, 5 పోయాయి. 7తో శేషం 5. 11తో 8. 13తో 6. 17తో 15. 19తో 7. 23తో 20. 29తో 20. 31తో 6. 37తో 23. 41తో 12. పదమూడు ప్రధాన సంఖ్యలు అయిపోయాయి. భాగఫలం 49, భాజకం 41, ఇంకా ఎదురుపడలేదు. సరిగ్గా ఇక్కడే చాలామంది కలం కింద పెడతారు. ఇంకొక్కటి ఉంది, 43. నలభై మూడు నలభై ఏడ్లు 2021. శేషం 0.

2027, గోదావరి పుష్కరాల ఏడాది. దీనికి మళ్లీ భాగహారాలు అక్కర్లేదు, పై శేషాలకు 6 కలుపుకుంటే చాలు, భాజకం దాటితే దాన్ని తీసెయ్యాలి. 7తో 5+6 = 11, అంటే 4. 11తో 3. 13తో 12. 17తో 4. 19తో 13. 23తో 3. 29తో 26. 31తో 12. 37తో 29. 41తో 18. 43తో 6, భాగఫలం 47. తర్వాతి ప్రధాన సంఖ్య 47తో భాగిస్తే భాగఫలం 43కు దిగింది. ఆపెయ్యొచ్చు, 2027 ప్రధాన సంఖ్య.